బ్లీచింగు తొట్టి

పోయినవారం హెబ్రోనును ల్యాబు గుమ్మంలో, చేతిలో సీసాల బుట్టతో వదిలేశాం. అతను తెచ్చిన క్రీకు నీళ్ల సీసా మూత తీసి, కొత్తగా చేరిన ల్యాబు అమ్మాయి ముక్కు చిట్లించింది. "ఇదేంటి, ఈతకొలను వాసన వస్తోంది" అని నవ్వి, సీసాని పక్కన పెట్టి, ఆ సంగతి మర్చిపోయింది. హెబ్రోను మర్చిపోలేదు. ఆ వాసన ఎక్కడిదో అతనికి తెలుసు.

కొత్తగా చదివేవాళ్లకోసం కథ కాస్త చెప్పుకుందాం. జువ్వలదిన్నెలో క్రీకు, అంటే సముద్రపు పాయ, ఒడ్డున సముద్రనీటి పరిశోధన కేంద్రం ఒకటుంది. హెబ్రోను అందులో పడవ నడుపుతాడు, క్రీకు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తాడు, సైంటిస్టులకు టీ తెస్తాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. నెత్తి నెరిసినా ఇంకా దినకూలీయే. అతను తెచ్చిన నీళ్లలో రొయ్యల్ని చంపే విబ్రియో అనే కంటికి కనపడని పురుగు ఎంత ఉందో ల్యాబులో లెక్క కడతారు. ఆ లెక్కని ఇంటర్నెట్టులో ఒక ఉమ్మడి వేదిక మీద పెడతారు. ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఇలాంటి కేంద్రాలన్నీ అక్కడే పెడతాయి. ఎవరైనా, ఎక్కడ కూర్చునైనా ఆ లెక్కల్ని తెరిచి విశ్లేషించుకోవచ్చు. దానికి ఇంగ్లీషులో మూరెడు పేరుంది. ఇక్కడ అందరూ 'పటం' అంటారు. ఫోనులో తెరిస్తే తీరం పటం, దాని మీద చుక్కలు. పచ్చచుక్క పడితే నీళ్లు మంచివి. ఎర్రచుక్క పడితే గుంటల్లోకి నీళ్లు తోడే మోటారు ముట్టుకోకూడదు.

జువ్వలదిన్నె చుక్క మొదట్నించీ పచ్చగానే ఉంది. ఆ పచ్చని నమ్మి, ఎండలకు తగ్గిపోయిన తన రొయ్యల గుంటల్లోకి చెంచమ్మ క్రీకు నీళ్లు నేరుగా పెట్టింది. వారం తిరక్కుండా గుంటలు రెండూ చచ్చాయి. ఆ కబురు తీరమంతా పాకింది. పటాన్ని ఉంచాలో తీసెయ్యాలో తేల్చమని పైవాళ్లు డాక్టర్ కరుణాకుమారిని పంపారు.

ఈ రోజు తేలిపోతుంది.

*

కేంద్రం హాల్లో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కరుణాకుమారి గారు పొట్టిగా, సన్నగా, అద్దాలు నెత్తిమీదికి తోసుకుని ఉంది. ఆమెకు ఎదురుగా కేంద్రం అధికారి జడ్సన్ గారు. ఆ చివర, గోడకు దగ్గరగా, వెన్నెల. బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే వాళ్ల పిల్ల. పటం మీద ఈ కేంద్రం లెక్కలన్నీ విశ్లేషించేది ఆమే. కాంట్రాక్టు ఉద్యోగం. హెబ్రోను టీ కప్పులు పెట్టి గుమ్మం పక్కకు తప్పుకున్నాడు.

"మీ లెక్కలు ముగ్గురికి ఇచ్చాను" అంది కరుణాకుమారి. "ఒకరు కొచ్చి, ఒకరు చెన్నై, ఒకరు భువనేశ్వర్. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ముగ్గురూ పటం తెరిచి ఎవరి విశ్లేషణ వాళ్లు చేసుకున్నారు. ముగ్గురికీ ఒకే జవాబు వచ్చింది. ఒక వేదికను పరీక్షించడమంటే ముఖ్యంగా చూసేది ఇదే. పటంలో లోపం లేదు."

పొద్దున ఫోనులో విన్నదే అయినా జడ్సన్ గారి భుజాలు కిందికి దిగాయి. "నేను మొదటినుంచీ అదే అంటున్నా మేడం. పటం బాగుంది. ల్యాబు లెక్కలూ బాగున్నాయి. ఇక మిగిలింది ఒకటే." ఆయన వెన్నెల వైపు చూడకుండానే వేలు అటు తిప్పాడు. "ఎంత పురుగుంటే పచ్చ, ఎంతుంటే ఎరుపు అని ఈ కేంద్రానికి గీత గీసింది వెన్నెల. ఆ ముగ్గురూ ఆమె గీతనే వాడారు. గీత పైకి గీస్తే అందరికీ పచ్చే కనిపిస్తుంది కదా."

"సార్, గీత ఎంత కిందికి జరిపినా పచ్చే వస్తుంది" అంది వెన్నెల. "ఆ నీళ్లలో పురుగే లేదని లెక్క చెప్తోంది. నేనేం చెయ్యను?"

"బాధ్యత తీసుకోవాలమ్మా. చదువుకున్నదానివి."

కరుణాకుమారి అద్దాలు కిందికి దింపుకుంది. "సముద్రపు నీళ్లలో విబ్రియో అసలు లేకపోవడం నేనెక్కడా చూడలేదు. కొంచెమైనా ఉంటుంది. ఆ రైతును ఒకసారి పిలిపిస్తారా? ఆమె నోటివెంట వినాలి."

జడ్సన్ గారు గుమ్మం దాకా వచ్చి హెబ్రోను భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వెయ్యని చెయ్యి. "పోయి చెంచమ్మను తీసుకురా. దార్లో కాస్త నచ్చజెప్పు, గొడవ చెయ్యొద్దని. నీ పర్మినెంటు ఆర్డరు మీద సంతకం ఒకటే బాకీ. ఈ పూట గడిస్తే చాలు."

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట అది. సంతోషంగా వినాల్సిన మాట. హెబ్రోనుకి మాత్రం ఆ చెయ్యి తడిగుడ్డలా తగిలింది. పక్కనుంచి వెన్నెల బయటికి వెళ్తూ ఆగింది.

"అన్నా, చెంచమ్మక్కకు చెప్పు. నేను కావాలని చెయ్యలేదని."

హెబ్రోను తలూపాడు. తల ఊపడానికి చదువు అక్కర్లేదు. సిగ్గు కూడా అక్కర్లేదని అతనికి ఆ వారంలోనే తెలిసింది.

*

చెంచమ్మ గుంటలు క్రీకు వంపులో ఉన్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఒడ్డుకు లాగి బోర్లించి ఉన్నాయి. గట్టు పొడుగునా సున్నం చల్లారు. అయినా కంపు పోలేదు. హెబ్రోను మోటారుసైకిలు చప్పుడికి చెంచమ్మ షెడ్డులోంచి కొంగు దోపుకుంటూ వచ్చింది.

"ఏందబ్బయ్యా, ఇంకా ఏం మిగిలిందని వచ్చినావు? నీళ్లు పట్టుకపోవడానికా? పట్టుకో, పట్టుకో. ఇప్పుడైతే చేపల కూర వాసన కూడా ఉచితం."

"పైనించి ఒక మేడం వచ్చిందక్కా. నిన్ను పిలస్తా ఉండాది."

"వస్తా. ఆ వెన్నెల ఉండాదా ఆడ?"

"ఉండాది."

"అయితే తప్పక వస్తా. అందరి ముందర చెప్పుతో కొడతా ఆ పిల్లని. పచ్చ అంట, పచ్చ! నా ఫోన్లో పచ్చచుక్క చూసి నేను దణ్ణం పెట్టుకున్నా తెలుసునా? దేవుడి పటానికి పెట్టినట్టు పెట్టుకున్నా. లోపలికి రా, చీర మార్చుకుంటా."

హెబ్రోను తడికె గేటు దాటబోయాడు.

"ఆగు! కాళ్లు!"

గేటు పక్కనే సిమెంటు తొట్టి. నిండా బ్లీచింగు నీళ్లు. ఈ తీరంలో ఏ గుంటకు పోయినా గేట్లో ఇదే ఉంటుంది. ఒక గుంట తెగులు ఇంకో గుంటకు పోకూడదని కాళ్లు ముంచాలి, చేతులు ముంచాలి, బకెట్టు ముంచాలి, వల ముంచాలి. ముంచని మనిషిని గట్టెక్కనివ్వరు. తిరుపతి పోయినోడు గుండు కొట్టించుకోకుండా వస్తే ఎట్లా చూస్తారో, తొట్టిలో ముంచకుండా గట్టెక్కినోణ్ణి అట్లా చూస్తారు.

"చచ్చిన గుంటలకు కూడానా అక్కా?"

"అలవాటు పోద్దా? ముంచు."

హెబ్రోను ముంచలేదు. తొట్టిలోకి చూస్తూ నిలబడ్డాడు. అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది.

"అక్కా, ఆ పిల్లనేం అనబాక."

"ఏం, మీ కేంద్రపోళ్లంతా ఒకటేనా?"

"తప్పు ఆ పిల్లది కాదు. నాది."

చెంచమ్మ నవ్వింది. "నువ్వేం చేసినావు? నీకు ఫోన్లో పటం తెరవడమే ఆ పిల్ల నేర్పించింది గదా."

"సీసాలు ఈడ ముంచినా."

"ముంచితే?"

"లోపల కూడా."

చెంచమ్మకు వెంటనే అర్థం కాలేదు. తొట్టి వంక చూసింది. హెబ్రోను వంక చూసింది. కొంగు దోపుకుంటున్న చెయ్యి నడుం దగ్గరే ఆగిపోయింది. బ్లీచింగు ఏం చేస్తుందో ఈ తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొత్తగా తెలియాల్సిందేమీ లేదు. రెండు తెలిసిన సంగతుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎవరూ చూడలేదు, అంతే.

"అడుగున రవ్వన్ని నీళ్లు మిగల్తాయి" అన్నాడు హెబ్రోను. "దాంట్లోనే క్రీకు నీళ్లు పట్టినా. ల్యాబుకు పొయ్యేలోపల..."

"సచ్చిపోద్ది."

"ఆ."

"పురుగుందో లేదో చూడ్డానికి పోతా, దోవలోనే పురుగును చంపి తీసకపొయినావా రా?"

ఇంతకుముందు ఎప్పుడూ ఆమె అతన్ని 'రా' అనలేదు.

"ఎన్నాళ్లు?"

"మొదట్నించీ."

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయినవారం."

చెంచమ్మ చేతికందిన చీపురు తీసింది. విసరలేదు. దాన్ని పట్టుకుని తొట్టి గట్టు మీద కూర్చుంది.

"మూత యాడ తీయాల్నో నీకు చెప్పలా వాళ్లు?"

"చెప్పినారు. నీళ్ల కాడికి పోయినాకే తియ్యాలన్నారు. సీసా లోపల ముందే శుద్ధి చేసుంటదంట."

"మరి ఏడో తరగతి దాకా ఏం చదివినావు, వినడం నేర్పలేదా?"

"నేర్పినారు. ఈడ మాత్రం..." హెబ్రోను ఆగాడు. చెప్పకపోయినా బాగుండేది. చెప్పక తప్పదు. "మొదటిరోజు నువ్వే అన్నావక్కా. ఎక్కడెక్కడి గుంటల్లో తిరిగొచ్చిన సీసాలో ఏమో, పైపైన ముంచితే ఒప్పుకోను, మూత తీసి లోపల కడుగు అన్నావు. లేకపోతే నీ గట్టు మీంచి క్రీకు కాడికి దోవ ఇయ్యనన్నావు. నేను కాదంటే నువ్వు గేటు తియ్యవని..."

చెంచమ్మ ముఖంలో రంగు తగ్గిపోయింది. ఆమెకు గుర్తొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, గేటు తెరవకుండా, పెద్ద డాక్టరమ్మలా తనే చెప్పడం గుర్తొచ్చింది. కడిగిన సీసాని ఎండకెత్తి చూసి 'ఇప్పుడు శుద్ధం' అనడం కూడా.

"అయితే నా గుంటల్ని నేనే చంపుకున్నానా?"

"నువ్వు కాదక్కా. నీకెవురూ చెప్పలా. నాకు చెప్పినారు."

"నోర్ముయ్. ఓదార్చొద్దు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేరం ఒక్కడిదైతే మోయడం తేలిక. చెంచమ్మ మీద అందులో కాస్త వేసినందుకు హెబ్రోనుకి ఇంకా బరువెక్కింది. వారం నుంచి అతను ఒకే మాట చెప్పుకుంటున్నాడు. చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే చచ్చిన రొయ్యలు బతుకుతాయా అని. ఇప్పుడా మాట నోట్లోకి వస్తే ఉమ్మెయ్యాలనిపించింది.

చెంచమ్మ లేచింది. చీర మార్చుకోలేదు. చెప్పులు వేసుకుంది.

"పద."

"యాడికి?"

"యాడికి అంటాడు! చెప్పుతో కొడతానన్నా గదా ఆ పిల్లని. ఆ మాట వెనక్కి తీసుకోబళ్లా? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

"దోవలో మళ్లీ మనసు మారితే క్రీకులో తోస్తా. పడవోడివి గదా, మునగవులే."

దారి పొడుగునా ఇద్దరూ తగువులాడుకుంటూనే వచ్చారు. 'ముంచమన్నది నేను' అని వెనక సీట్లోంచి ఆమె. 'ముంచింది నేను' అని ముందు ఇతను. ఎదురొచ్చిన ఐసు లారీ డ్రైవరు వాళ్లేదో ఆస్తి పంచుకుంటున్నారనుకుని నవ్వుకుంటూ పోయాడు.

*

చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. వారం రోజులు కడుపులో మోసింది నాలుగు మాటల్లో అయిపోయింది. హెబ్రోను నిలబడే చెప్పాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

జడ్సన్ గారు టీ కప్పు పక్కకు నెట్టాడు. "వెధవపని చేశావు! ఇంతమంది పరువు... నీ ఆర్డరు సంగతి ఇక మర్చిపో. రేపట్నించి రావక్కర్లేదు."

చదువుకున్నవాళ్లు చేస్తే దాన్ని లోపం అంటారు. హెబ్రోను చేశాడు కాబట్టి వెధవపని అయింది. ఆ తేడా అతనికి చిన్నప్పట్నించీ తెలుసు. ఇంకోరోజైతే మండిపడేవాడు. ఈ రోజు దానికి మొహం లేదు.

అతను ఎదురుచూసింది వెన్నెల ముఖం కోసం. ఆ పిల్ల గుండె తేలికపడుతుందనీ, తనని చూసి ఏడుస్తుందో నవ్వుతుందో అనీ దారంతా అనుకుంటూ వచ్చాడు. వెన్నెల ఏడవలేదు, నవ్వలేదు.

"పోయినవారమే తెలుసా అన్నా?"

"తెలుసమ్మా."

"వారం నుంచి నా గీత తప్పేమోనని అన్నం సయించడం లేదు నాకు. ఇంటికి ఫోన్ చేసి, ఉద్యోగం పోయేటట్టుంది, నావల్ల ఎవరి బతుకో పోయింది అని మా నాయనతో చెప్పుకుని ఏడ్చాను. నువ్వు పక్కనే ఉన్నావు. ప్రతిరోజూ టీ తెచ్చి ఇచ్చావు. 'తాగమ్మా, నీరసంగా ఉండావు' అన్నావు."

చెంచమ్మ తిట్టినా, జడ్సన్ గారు తిట్టినా హెబ్రోను తట్టుకున్నాడు. ఆ టీ మాట దగ్గర మాత్రం కళ్లు నేల మీదికి పోయాయి. ఆ టీలో తను చక్కెర ఎక్కువ వేసేవాడు. తప్పుకి బదులుగా అనుకున్నాడో ఏమో.

"చెప్పుతో కొడతానన్నా నిన్ను" అంది చెంచమ్మ, వెన్నెల దగ్గరికి పోయి, మొరటుగా. "మనసులో పెట్టుకోబాక. ముంచమన్నది నేనే."

కరుణాకుమారి కోపంగా లేదు. దానికే హెబ్రోనుకి భయమేసింది.

"నేను పరీక్షించింది పటాన్ని" అంది నెమ్మదిగా, తనతో తను చెప్పుకుంటున్నట్టు. "ముగ్గురితో లెక్క కట్టించాను. ముగ్గురూ సరిగ్గా కట్టారు. తప్పు సీసాలో ఉంటే ముప్పైమంది కట్టినా అదే జవాబు వచ్చేది." అద్దాలు తుడుచుకుని హెబ్రోనుని చూసింది. "ఇలా కడగడం నీకు ఈమె చెప్పింది, సరే. మిగతా కేంద్రాల్లో నీళ్లు పట్టేవాళ్లకు ఎవరు చెప్పారు ఎలా పట్టాలో?"

జడ్సన్ గారు అందుకున్నాడు. "శిక్షణ ఇచ్చాం మేడం. అందరినీ ఇక్కడికే పిలిపించాం. సైంటిస్టులొచ్చి వివరంగా పాఠం చెప్పారు."

"ఏ భాషలో?"

జడ్సన్ గారు హెబ్రోను వైపు చూశాడు.

"ఇంగ్లీషులో మేడం" అన్నాడు హెబ్రోను. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. "వచ్చినోళ్లకు ఒక్క ముక్క ఎక్కలా. ఒరియావోళ్లు, అరవోళ్లు, మనోళ్లు. అందుకని సారు నన్ను చేసి చూపించమన్నాడు. చెంచమ్మక్క గుంటల కాడికి తీసకపోయి చూపించినా. మాటల్తో పన్లేదు గదా, చెయ్యి చూసి నేర్చుకున్నారు. బాగా నేర్చుకున్నారు మేడం. చప్పట్లు కూడా కొట్టినారు."

"సీసా ముంచడం కూడా?"

హెబ్రోను నోరు తెరిచాడు. జవాబు వెన్నెల చెప్పింది. ఆమె అప్పటికే కంప్యూటరు తన వైపు తిప్పుకుంది.

"దాన్ని వీడియో తీసి పటంలోనే పెట్టారు మేడం. నీళ్లు పట్టే పద్ధతి అని. కొత్తగా చేరిన కేంద్రాలన్నీ ముందు అదే చూడాలి."

ఆమె నొక్కింది. తెర మీద ముఖం లేదు. రెండు చేతులు మాత్రమే. నల్లటి, పగుళ్లు తేలిన చేతులు, ఎడమచేతి బొటనవేలు గోరు చితికి ఉంది. ఆ చేతులు సీసా మూత తిప్పి తీశాయి. తొట్టిలో ముంచాయి. నింపి, గిలకరించి, వొంచి, ఎండలోకి ఎత్తి, శుభ్రంగా ఉందా లేదా అని అన్ని దిక్కులకూ తిప్పి చూపించాయి. ఎంత శ్రద్ధగా చేశాయి! హెబ్రోను తన చేతుల్ని చొక్కా కింద దాచుకున్నాడు.

కరుణాకుమారి వీడియో ఆపమని సైగ చేసి పటం తెరవమంది. తీరం పొడుగునా చుక్కలు తేలాయి. పచ్చ, పచ్చ, పచ్చ. మధ్యలో ఒకటి అరా ఎరుపు. ఆ ఎర్రచుక్కల వాళ్లు బహుశా ఆ వీడియోలో చేతుల్ని చూడనివాళ్లు.

"వీటిలో ఏది నిజంగా పచ్చ?" అంది ఆమె.

వెన్నెల వేలు తెర మీద ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు జరిగి, వెనక్కి వచ్చేసింది.

"సరే. పటం మీద ఈ చుక్కలన్నీ ఇప్పుడే మూయించేద్దాం. ఈలోపల రైతులెవరూ వీటిని చూసి నీళ్లు పెట్టకుండా కబురు పంపండి."

వెన్నెల కదల్లేదు. జడ్సన్ గారి వైపు చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ తీశాడు.

"మేడం... రేపు అమావాస్య. సముద్రపు పోటు ఈ సాయంత్రం నుంచే ఎత్తుకుంటుంది. ఎండలకు గుంటలన్నీ తగ్గున్నాయి. పచ్చచుక్క ఉన్న ప్రతి ఊరికీ, నీళ్లు పెట్టుకోవచ్చని మెసేజి..."

"ఎప్పుడు పంపారు?"

"పొద్దున. మీరు పటం బాగుందని ఫోనులో చెప్పగానే."

కరుణాకుమారి కుర్చీలోంచి లేచింది. చెంచమ్మ అందరికంటే ముందు కిటికీ దగ్గరికి పోయింది. తల పక్కకు వాల్చి చెవి పెట్టింది. హెబ్రోనుకి కూడా వినపడింది. క్రీకు అవతల గుంటల గట్టు మీద మోటారు ఒకటి దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి అందుకుంది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి.